నెమరేసి చదివిన వీరమ్మ

అనగనగా అంటూ మొదలుపెట్టేంత పాత కథేం కాదిది. మొన్నటి ఎండాకాలం సంగతి. ఇప్పలకోన అడవిలో వాగులన్నీ ఎండిపోయి పెద్దమడుగు ఒక్కటే మిగిలింది. ఏటా అంతే. అందుకని ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. ఎండలు ముదరగానే వంతుల పట్టీ రాసి మడుగు పక్కన ఇప్పచెట్టుకి కొడతారు. ఒక్కొక్క కుటుంబానికి అరగంట. వంతులో నీళ్ళు తాగుతున్నవాడు ఎంత రుచిగా కనిపించినా సరే, వాడి జోలికి ఎవరూ వెళ్ళకూడదు. వంతు తప్పి వచ్చినవాడికి మాత్రం ఎవరూ పూచీ ఉండరు. కాబట్టి కుందేలైనా కౌజుపిట్టైనా ఆ పట్టీలో తన గీత ఎక్కడుందో చూసుకోకుండా మడుగు వైపు అడుగు వెయ్యదు.

ఆ పట్టీ టైపు చేసేది గేదె వీరమ్మ. పదిహేనేళ్ళుగా ఆవిడే. తుమ్మచెట్టు కింద చిన్న పాక, అందులో ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. గిట్టలతో కొట్టాలి గనక వడ్రంగిపిట్ట ఆవిడకి పిడకలంత మీటలతో కీబోర్డు చెక్కిచ్చింది. నెమ్మదిగా కొట్టేది గానీ తప్పు పోయేది కాదు. అర్జీలూ పెళ్ళి కార్డులూ కూడా కొట్టేది. అయినా అడవిలో ఆవిడకున్న పరువంతా ఆ పట్టీదే. చిరుత అంతటివాడు కూడా ఆ పాక ముందు నుంచి పోతూ "బాగున్నావా వీరమ్మా" అని పలకరించేవాడు.

ఆ కంప్యూటర్ని లోపలుండి నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు బంగారువాకిలి. పట్నం కంపెనీ సరుకు. అడవిలో దానికి ఏజెంటు నక్క నాగభూషణం. మెడలో కంపెనీ కార్డు, చేతిలో పెద్ద సెల్‌ఫోన్, మాటకి ముందు ఒక నవ్వు. మీ వీధిలోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు.

ఒకరోజు పొద్దున్నే వాడొచ్చి వీరమ్మ గుమ్మంలో కూర్చున్నాడు.

"వీరమ్మక్కా, ఒక చెడ్డ కబురు. నీ పాత బంగారువాకిలికి ఈ నెలాఖరుతో నూకలు చెల్లాయి."

"బాగానే పనిచేస్తోందిగా?"

"పనిచేస్తుంది. కానీ కంపెనీవాళ్ళు ఇక దాన్ని పట్టించుకోరు. వైరస్ పట్టినా దిక్కుండదు. కొత్తది వేయించుకోవాలి."

"వెయ్యి మరి."

"ఈ డొక్కు కంప్యూటర్లో పట్టదక్కా. కొత్త కంప్యూటర్ కావాలి. ఆపైన ఏటా అద్దె."

"కంప్యూటర్ నాది, పాక నాది, కొట్టే గిట్టలు నావి. అద్దె దేనికి?"

"అది కంపెనీ పద్ధతి. రోజూ ఒక చెంబుడు పాలు నాకు పోస్తే, కంపెనీతో నేను మాట్లాడుకుంటా." నక్క నవ్వాడు. "లేదంటావా, ఆ పట్టీ పనేదో నాకు వదిలెయ్. ఇన్నేళ్ళు చాకిరీ చేశావు. హాయిగా బురదలో పడుకో."

పాలు పోయడానికి వీరమ్మకి బాధేం లేదు. పట్టీ నక్క చేతికి పోతే ఏమవుతుందన్నదే భయం. రేపు ఏ కుందేలు ఏ గంటకి మడుగుకి వస్తుందో రాసేది వాడే అవుతాడు. ఆలోచించి చెబుతానని వాణ్ణి పంపేసింది.

తుమ్మకొమ్మకి వేలాడుతున్న గూట్లోంచి గిజిగాడు సోమలింగం తల బయటపెట్టాడు. గూళ్ళు అల్లడంలో చెయ్యి తిరిగినవాడు, కంప్యూటర్ల పిచ్చివాడు. ఆ రెంటిలో ఏ కబురు మొదలుపెట్టినా ఎదుటివాళ్ళు పారిపోయేదాకా ఆపడు.

"అంతా విన్నాను పెద్దమ్మా. వాడికి పాలూ వద్దు, పట్టీ వద్దు. మీకు లినక్స్ వేసిస్తాను."

"అదెవరు నాయనా?"

"ఎవరో కాదు. అదీ ఆపరేటింగ్ సిస్టమే. ఒక కంపెనీ సొంతం కాదు. ఎక్కడెక్కడివాళ్ళో తలా ఒక పుల్లా తెచ్చి అల్లింది. అద్దె లేదు. మూత తీసి లోపలేముందో చూసుకోవచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకీ ఇవ్వొచ్చు. ఆ మాట దాని ఒప్పందంలోనే రాసుంది."

"మరి ఇంత బాగుంటే అడవిలో ఎవరూ వాడరేం?"

గిజిగాడు ఆ మాట వినబడనట్టు ఎగిరి వెళ్ళి, పెన్‌డ్రైవ్ ముక్కున కరుచుకొచ్చాడు. గంటలో పని అయిపోయింది. ముసలి కంప్యూటర్ వీరమ్మ నాలుగుసార్లు నెమరేసేలోగా తెరుచుకుని ఎదురుగా నిలబడింది. ఇదివరకు దాన్ని ఆన్ చేసి ఆవిడ మడుగు దాకా వెళ్ళొచ్చేది.

"బాగుందిరా," అంది వీరమ్మ, మనస్ఫూర్తిగానే.

"దీనికి నలభై రకాల ముఖాలున్నాయి పెద్దమ్మా. మీకు ఏది కావాలి?"

"నలభై దేనికి? పనిచేసేది ఒకటి పెట్టు. నా వంతుల పట్టీ తెరువు."

తెరిచాడు. పట్టీ నిండా డబ్బాలు, గీతలు, సున్నాలు. కోళ్ళు గీరిన దిబ్బలా ఉంది. ప్రింట్ కొట్టి చూశారు. ప్రింటర్ ఒకసారి మూలిగి ఊరుకుంది.

"పట్టీ ఏదిరా?"

"ఆ ఫాంట్ బంగారువాకిలి వాళ్ళ సొంతం పెద్దమ్మా. వాళ్ళ అక్షరాలు వాళ్ళ ఇంట్లోనే కనబడతాయి. ప్రింటర్ చేసినవాళ్ళు కూడా లినక్స్‌ని పట్టించుకోలేదు. తప్పు మనది కాదు."

"తప్పు ఎవరిదని అడిగానా? పట్టీ ఏదని అడిగాను."

గిజిగాడు నల్ల తెర ఒకటి తెరిచి టకటకా ఏదో కొట్టసాగాడు. ఏం చేస్తున్నావని వీరమ్మ అడిగింది. మళ్ళీ అడిగింది. మూడోసారికి వాడు విసుక్కున్నాడు. "ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి పెద్దమ్మా. చదువుకోవాలి. ఈమాత్రం తెలియకపోతే ఎలా?"

"పదిహేనేళ్ళు ఈ అడవికి వంతులు కట్టినదాన్ని," అంది వీరమ్మ. "నాకు తెలియకపోవడం నా తప్పే అనుకో. అడిగితే చెప్పకపోవడం నీ గొప్పా? పో, నీ గూట్లోకి పో."

వాడు మూతి ముడుచుకుని గూట్లోకి పోయాడు. నన్నడిగితే లినక్స్‌కి నక్కలు చేసిన చెరుపు కంటే ఇలాంటి గిజిగాళ్ళు చేసిందే ఎక్కువ. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో ప్రింటర్ ఆర్నెల్లు బల్ల కింద కూర్చుంది, ఇలాంటివాడి మాట విని.

మర్నాడు పొద్దున మడుగు దగ్గర ఈ ఏటి పట్టీ కట్టే పంచాయితీ. దానికి పెద్ద, ఏనుగు పెద్దయ్య. మంచివాడే, కానీ మెరిసే వస్తువు చూస్తే చిన్నపిల్లాడైపోతాడు. నాగభూషణం అప్పటికే ఇప్పచెట్టుకి ఇంత వెడల్పు తెర కట్టి సిద్ధంగా ఉన్నాడు. తెర మీద జంతువుల బొమ్మలు, ప్రతి బొమ్మ పక్కన గంటలు. నిజం చెప్పుకోవాలి, చాలా అందంగా ఉంది. చదువు రాని తాబేలు కూడా తన బొమ్మ గుర్తుపట్టి సంబరపడ్డాడు. కోతులైతే అందులో ఆటలు కూడా ఉన్నాయని తెలిసి చెట్టు దిగలేదు.

"వీరమ్మా, నీ పట్టీ ఏదమ్మా?" అని అడిగాడు పెద్దయ్య.

"ప్రింటర్ కదలట్లేదు పెద్దయ్యా. రెండు రోజులు గడువిప్పించండి."

"దాహానికి గడువుంటుందా అక్కా?" అన్నాడు నక్క. అందరూ నవ్వారు. "పెద్దయ్యా, కాగితాల కాలం పోయింది. వంతు మారితే ఈ తెర మీద అప్పటికప్పుడు మారుతుంది. పట్టీ అంతా పట్నంలో కంపెనీ అటక మీద భద్రంగా ఉంటుంది. తాళం నా ఫోన్లో ఉంటుంది. ఇదంతా అడవి మీద ప్రేమతో ఉచితంగా ఇస్తున్నాను. కంపెనీ నాకు ఊరికే ఇచ్చింది, నేను మీకు ఊరికే ఇస్తున్నాను."

పెద్దయ్య సరేనన్నాడు. నక్క ఫోన్ తీశాడు. తెర మీద సన్నటి అక్షరాలు చీమల బారులా దిగుతూ పోయాయి.

"ఏమిటది?" అంది వీరమ్మ.

"ఒప్పందం అక్కా. ఎవరూ చదవరు. నేనూ చదవలేదు." అంటూనే 'ఒప్పుకుంటున్నాను' అన్న చోట గోటితో నొక్కేశాడు. అప్పటికి ఉడతల వంతు అయిపోయి, కౌజుపిట్టలు నీళ్ళకి దిగి పది నిమిషాలైంది. అంటే ఏడు దాటి పది నిమిషాలు.

"నాకో కాపీ ఇయ్యి."

"దేనికక్కా, మేతకా?" మళ్ళీ నవ్వులు. కంపెనీ ప్రింటర్ ఇరవై ఎనిమిది కాగితాలు కక్కింది. నక్క వాటిని కట్టగట్టి ఆవిడ కొమ్ముకి తగిలించాడు. వీరమ్మ పాకకి నడిచింది. దారంతా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. పదిహేనేళ్ళ పని పోయింది, పైగా నవ్వులపాలైంది.

పాక దగ్గర గిజిగాడు కిందికి దిగి కూర్చుని ఉన్నాడు. పంచాయితీలో నవ్వులు వాడికీ వినబడ్డాయి.

"నన్ను తిట్టండి పెద్దమ్మా."

"తిట్టను. పక్కన కూర్చో. అడిగింది చెప్పు, అడగనిది చెప్పకు."

ఆ మాట మీద వాడు నిలబడ్డాడు, అది వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఏం నొక్కుతున్నాడో, ఎందుకు నొక్కుతున్నాడో చెప్పి నొక్కాడు. కొండ అవతలి కోనలో ఒక ఎండ్రకాయకీ ఇదే ప్రింటర్ ఉందట. దాన్ని లినక్స్ మీద పనిచేయించడానికి చిన్న ప్రోగ్రాం రాసుకుని, కావలసినవాళ్ళు తీసుకోండని అందరికీ పెట్టాడు. అది తెచ్చి వేస్తే ప్రింటర్ కదిలింది. ప్రతి కాగితానికీ ఎడమ పక్కన ఒక నల్ల చార మాత్రం పడుతోంది. అది ఎందుకు పడుతోందో ఎండ్రకాయకీ తెలియదు.

ఇక పట్టీ. పాత ఫాంట్‌తో పేచీ మానేసి, ఎక్కడైనా కనబడే మామూలు అక్షరాల్లో మొదటినుంచి కొట్టింది వీరమ్మ. నక్క తెర చూసి రాయడానికి మనసొప్పక, అర్జీకని వచ్చినవాళ్ళనల్లా "నీ వంతు ఎప్పుడు, నీ ముందెవరు, నీ వెనకెవరు" అని అడిగింది. పట్టీ అంతా ఎవరికీ కంఠతా రాదు గానీ తన గీతా, దాని పైదీ కిందదీ అందరికీ తెలుసు. అలా తలా ముక్కా చెబితే వారంలో పట్టీ పూర్తయింది. ఏడింటికి కౌజులు. పదకొండున్నరకి చిరుత. పన్నెండుకి నక్క. సరిచూసి, ప్రింట్ తీసి పాక గుంజకి కట్టింది. ఎవరూ చూడలేదు. అందరికీ తెర ఉందిగా.

ఇరవై రోజులు బాగానే గడిచాయి. ఇరవై ఒకటో రోజు పొద్దున కౌజుపిట్ట మంగ ఎగరలేక ఎగురుతూ వచ్చి పాక ముందు కూలబడింది. తోక ఈకలు సగం లేవు.

"ఏమైందే?"

"నక్క నా మీద పడ్డాడమ్మా. తోకతో పోయింది. నిన్న సాయంత్రం తెర చూసుకునే వచ్చాను, ఏడింటికి మా వంతే. పొద్దున నీళ్ళలో ముక్కు పెట్టి తలెత్తితే, తెర మీద ఏడింటికి నక్క బొమ్మ ఉంది. ఇది నా వంతు, తప్పొచ్చింది నువ్వే అంటూ దూకాడు. పెద్దయ్య దగ్గర మొరపెట్టుకుంటే ఆయనొచ్చి తెర చూశారు. నక్క బొమ్మే ఉంది. నువ్వే సరిగ్గా చూసుకోలేదన్నారు."

"మరి మీ బొమ్మ ఎక్కడుంది?"

"దాని కింద. ఏడున్నరకి. పెద్దయ్య వెళ్ళిన కాసేపటికి మళ్ళీ ఎప్పటిలాగే ఏడింటికి వచ్చేసింది. నాకే పిచ్చెక్కిందేమో అమ్మా."

"నీకేం ఎక్కలేదు," అంది వీరమ్మ. పదిహేనేళ్ళు పట్టీలు కొట్టిన ఆవిడకి అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. వాడు ఏడింటి దగ్గర తన పేరుతో కొత్త గీత ఒకటి దూర్చాడు. నడుమ ఒక గీత దూరిస్తే దాని కిందవన్నీ ఒక్కో మెట్టు కిందికి జరుగుతాయి. పెద్దయ్య చూసి వెళ్ళగానే ఆ గీత తీసేశాడు. అన్నీ తిరిగి తమ చోటికి వచ్చేశాయి. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చూద్దామంటే తాళం వాడి దగ్గరుంది.

"పెద్దయ్యకి చెబుదాం పదండి," అన్నాడు గిజిగాడు, రెక్కలు కొట్టుకుంటూ.

"ఏం చూపించి చెబుతాం? ఉచితంగా వచ్చిన లినక్స్‌లో అన్నీ తప్పులేనని నక్క మన పట్టీనే కొట్టిపారేస్తాడు. ఉండు, నన్ను చదవనీ."

"ఏం చదువుతారు?"

వీరమ్మ పంచాయితీ రోజున తన కొమ్ముకి తగిలించిన కాగితాల కట్ట విప్పింది. అంత పెద్ద ఒప్పందాన్ని లోకంలో చదివినవాళ్ళు ఉన్నారంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నేనే ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్కలేదు, దేనికి ఒప్పుకున్నానో దేవుడికి తెలియాలి. కానీ గేదె సంగతి వేరు. ఒక వాక్యం చదివేది, నెమరేసేది, మళ్ళీ చదివేది. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ఇరవై మూడో కాగితం అడుగున ఆగి, గిజిగాణ్ణి పిలిచింది.

"ఇది చదువు."

వాడు చదివాడు. 'ఈ సరుకు మొదటి ముప్పై రోజులు రుచి చూడడానికి మాత్రమే. ఒప్పుకున్న క్షణం నుంచి సరిగ్గా ముప్పై రోజులు గడిచాక, అద్దె కట్టేవరకు పట్టీని చూడవచ్చు, మార్చకూడదు.'

"అంటే నక్కకి ఊరికే ఇచ్చింది రుచి చూడ్డానికా?" అన్నాడు గిజిగాడు.

"ఆ సంగతి వాడికే తెలియదు. వాడూ చదవలేదుగా."

ఆవిడ వేళ్ళు మడిచి చూసుకుంది అనడానికి గేదెకి వేళ్ళు లేవు. మొత్తానికి చూసుకుంది. ముప్పై రోజులు నిండేది ఇంకో ఐదు రోజులకి, పొద్దున ఏడు దాటి పది నిమిషాలకి.

నాలుగో రోజు సాయంత్రం నక్క పాక ముందు నుంచి పోతుంటే వీరమ్మ లోపలున్న మంగతో కాస్త గట్టిగా అంది. "పిల్లల్ని రేపే మడుగుకి తీసుకెళ్తావటే? ఏడుగురినీ? పాపం, నడకైనా సరిగ్గా రాలేదు." నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. నోట్లో ఊరిన నీళ్ళు మింగుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తరవాత వీరమ్మ దారిలో కనబడినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పింది. "రేపు మడుగు దగ్గర ఎవరి వంతైనా తెర ప్రకారమే. తెర ఎంతంటే అంత. ముందు చూసుకుని దిగండి." చిరుతకీ ఆ మాటే చెప్పింది, కాకపోతే అండీలు చేర్చింది.

తెల్లారింది. నక్క పొదలో కూర్చుని సరిగ్గా ఏడింటికి ఫోన్లో గీత దూర్చాడు. ఉడతలు వెళ్ళిపోయాయి. మడుగు ఖాళీగా ఉంది. ఏడు దాటి ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కౌజులు రాలేదు. ఇక రావనుకుని గీత తీసేయబోయాడు. 'గడువు ముగిసింది. చూడవచ్చు, మార్చకూడదు.' మళ్ళీ నొక్కాడు. అదే మాట. ఫోన్ ఆపి పెట్టాడు, ఊదాడు, తోకతో తుడిచాడు. అదే మాట.

ఏడున్నరకి మంగ తన ఏడుగురు పిల్లలతో తెర చూసుకుని మరీ దిగింది. పక్కనే, తమ వంతుకని వచ్చి అరగంట వెనక్కి పోయిందని గొణుక్కుంటూ జింకలు నిలబడి ఉన్నాయి. వంతులో ఉన్నవాళ్ళని ముట్టుకునే వీలు లేదు, పైగా ఇంతమంది చూస్తున్నారు. నక్క పొదలోంచి కదల్లేదు. ఎనిమిదికి రావలసినవాళ్ళు ఎనిమిదిన్నరకి దిగారు. ఎవరి వంతుకి వాళ్ళు రావడం, తెర చూసి నాలిక పీకుతున్నా ఆగిపోవడం. మధ్యాహ్నానికి మడుగు గట్టు తిరునాళ్ళలా నిండిపోయింది. పదకొండున్నరకి చిరుత వచ్చాడు. తెర చూశాడు. తన బొమ్మ పక్కన పన్నెండు అని ఉంది. చెట్టు కింద కూర్చుని తోక నేలకేసి కొడుతున్నాడు.

పొదలో నక్కకి ఇవేవీ పట్టలేదు. పొద్దుటినుంచి ఎండలో కూర్చుని గొంతు పిడచకట్టుకుపోయింది. పన్నెండవుతోంది. పన్నెండు ఏళ్ళ తరబడి తన వంతు. తెర మీద తను దూర్చిన గీత ఒక్కటే చూసుకున్నాడు గానీ, దాని కిందవి ఎటు జరిగాయో చూసుకోలేదు. గబగబా వచ్చి నీళ్ళలో మూతి పెట్టాడు. మెడ మీద ఏదో బరువుగా పడింది.

"నాగభూషణం," అన్నాడు చిరుత, పంజా తీయకుండా. "ఎవరి వంతిది?"

"నాదే దొరగారూ. పన్నెండు నాదేగా."

"తెర నాదంటోంది. నీకు పన్నెండున్నర. వంతు తప్పొచ్చినవాడికి ఎవరూ పూచీ ఉండరు. కట్టుబాటు నీకు తెలుసుగా?"

నక్క తెర చూశాడు. "తెర తప్పు దొరగారూ, నా మాట నమ్మండి. అసలు పట్టీలో మీకు పదకొండున్నర, నాకు పన్నెండు. వీరమ్మక్క దగ్గర కాగితం ఉంది. అక్కా, వీరమ్మక్కా, ఆ కాగితం చూపించక్కా."

వీరమ్మ కాగితం తెచ్చే ఉంచింది. తొందరపడకుండా నడిచొచ్చింది. వెనకే పెద్దయ్య.

"ఉచితంగా వచ్చినదాంట్లో పుట్టిన పట్టీ కదా తమ్ముడూ ఇది. నమ్మొచ్చంటావా?" అంది వీరమ్మ.

"నమ్మొచ్చు. అదే నిజం. ఒక్క తప్పు లేదు."

"మరి తెర ఎలా తప్పయింది?"

చిరుత పంజా ఇంకాస్త ఆనించాడు.

"నేనే మార్చాను," అన్నాడు నక్క. "ఏడింటికి నా గీత దూర్చాను. అది తీద్దామంటే రావట్లేదు. ఆ రోజు మంగ తోక పీకినప్పుడూ నేనే మార్చాను." మంగ పెద్ద పిల్ల "అమ్మా, నీ తోక ఆయన దగ్గరుందా" అని అడిగింది. దానికి ఎవరూ నవ్వలేదు.

వీరమ్మ కాగితం చిరుత ముందు పెట్టింది. చిరుత తీరిగ్గా చదివాడు. పన్నెండు పక్కన నక్క పేరు ఉంది, కాబట్టి పంజా తీశాడు. నక్క మెడ తడుముకుని, తోక ముడిచి, నీళ్ళు కూడా తాగకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు. తను వెక్కిరించిన కాగితమే తన మెడ కాపాడిందని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

పెద్దయ్య తొండం దించుకుని మంగ వైపు చూశాడు. "నువ్వు నిజం చెబితే నేను తెరని నమ్మాను తల్లీ. తప్పు నాది." తరవాత నక్క వైపు తిరిగాడు. "ఈ ఏడు నీ వంతు అందరికంటే ఆఖర్న. మొసలి తరవాత." వీరమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు. కాగితం తీసుకెళ్ళి, తనే తొండంతో ఇప్పచెట్టుకి కట్టాడు. వీరమ్మకి అది చాలు. ఆ రోజు ఆవిడ మనసారా నీళ్ళు తాగింది.

సాయంత్రం పాకలో గిజిగాడు పట్టలేని సంతోషంలో ఉన్నాడు. "గెలిచాం పెద్దమ్మా. ఇక చూడండి, బంగారువాకిలి పనైపోయింది. అడవిలో అందరూ లినక్స్‌కి మారిపోతారు."

"మారరు," అంది వీరమ్మ.

"ఎందుకని?"

"తాబేలుకి బొమ్మలు కావాలి, కోతులకి ఆటలు కావాలి. అవి దాంట్లో బాగున్నాయి. ఉండనీ. కోతులు అద్దె పోగు చేసుకుని ఆ తెర తెచ్చుకుంటాయట, పెద్దయ్య సరేనన్నాడు. కొత్తది వేసుకోవాలంటే పక్కన కూర్చుని విసుక్కోకుండా చెప్పేవాడొకడు ఉండాలి. నువ్వొక్కడివి ఎంతమంది పక్కన కూర్చుంటావు?"

గిజిగాడు లెక్క వేసుకున్నాడు. "రోజుకి ఇద్దరి పక్కన."

"అయితే రోజుకి ఇద్దరు మారతారు. చాలు. వంతుల పట్టీ మట్టుకు మూత తీసి చూసుకునే దాంట్లోనే ఉండాలి."

గుమ్మంలో ఎవరో దగ్గారు. నాగభూషణం. మెడలో కంపెనీ కార్డు లేదు. రుచి చూడమన్న సరుకుకి నెల అద్దె కట్టమని కంపెనీ వాడి మీదే పడిందట. అది మాఫీ చేయమని అర్జీ కొట్టించుకోవడానికి వచ్చాడు.

"కూర్చో తమ్ముడూ," అంది వీరమ్మ. "ముందు ఒప్పందంలో ఏముందో చూసి కొడదాం." ఇరవై ఎనిమిది కాగితాల కట్ట వాడి ముందు పెట్టింది. "నువ్వు చదువుతూ ఉండు. నేను నెమరేస్తూ వింటాను."

వాడు చదువుతూనే ఉన్నాడు. గిజిగాడు పక్కన కూర్చుని, అడిగిన మాటకల్లా విసుక్కోకుండా అర్థం చెప్పాడు. అర్జీ మంచిగానే వచ్చింది. ఎడమ పక్కన నల్ల చార పడింది. దాన్ని వచ్చే వారానికల్లా బాగుచేస్తానని గిజిగాడు అన్నాడు. ఆ మాట వాడు ఇప్పటికీ అంటూనే ఉన్నాడు, వీరమ్మ ఇప్పటికీ సరేలే అంటూనే ఉంది.

నీతి: సరుకు ఉచితమా ఖరీదా అని కాదు, తేడా వచ్చినప్పుడు విప్పి చూసుకోనిస్తారా లేదా అని అడిగి మరీ ఇంటికి తెచ్చుకోవాలి.